కాళ్ళ స్టూడియో

రావులపాలెం నుంచి అమలాపురం తిరిగే పల్లెవెలుగు బస్సులో మంగరాజు కండక్టరు. ఊరు కొత్తపేట. యాభై మూడేళ్ళ వయసు, ఇరవై ఆరేళ్ళ సర్వీసు, కాకినాడలో కాపురం చేసుకుంటున్న ఒక్కగానొక్క కూతురు, ఇంట్లో భార్య రత్నం. బస్సెక్కేవాళ్ళలో సగం మందిని పేరు పెట్టి పలకరిస్తాడు. ముసలమ్మలు మెట్టెక్కలేకపోతే ముందు తట్ట అందుకుని, తర్వాత చెయ్యందిస్తాడు. ఎవరినీ ఒక్క మాట అనని మనిషని ఆ దారంతా మంచిపేరు. అటువంటివాడి కడుపులో ముప్ఫై ఏళ్ళుగా ఒక మంట ఆరకుండా రగులుతోందని చెబితే డిపోలో ఎవరూ నమ్మరు. రత్నం నమ్ముతుంది. ఆ మంట పక్కనే ఆవిడ కాపురం చేసింది.

ఆ మంట పేరు సురేంద్ర.

కాలేజీ రోజుల్లో ఇద్దరూ కబడ్డీ జట్టులో ఉండేవారు. మంగరాజు కూతకి వెళ్తే అవతలి జట్టు వెనకగీత దాకా జరిగిపోయేది. సన్నగా, పొడుగ్గా ఉండి, దొరికినట్టే దొరికి జారిపోయేవాడు. సురేంద్రది పట్టు. మూల కాసుకుని కూర్చుని, వచ్చినవాడి చీలమండ చేతికి చిక్కిందా, ఇక వదలడమనేది లేదు. ఇద్దరిదీ ఒకే బెంచీ, ఊరంతా తిరగడానికి ఒకే సైకిలు. డిగ్రీ ఆఖరి ఏడు రైల్వేవాళ్ళు ఆటగాళ్ళ కోటాలో మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి డ్రిల్లు మేష్టారు ఇద్దరి పేర్లూ పంపారు. మంగరాజుకి వచ్చేసినట్టేననీ, సురేంద్ర సంగతే చెప్పలేమనీ ఆయన నలుగురిలో అన్నారు కూడా.

సెలక్షన్లు మూడు రోజులున్నాయనగా, సాయంత్రం ప్రాక్టీసులో మంగరాజు కూత పెట్టి తిరిగి గీత దాటబోతుంటే సురేంద్ర వెనకనుంచి కాలు పట్టాడు. మంగరాజు లాగాడు. సురేంద్ర వదల్లేదు. లాగినవాడు పక్కకి పడ్డాడు, కుడి చీలమండ మెలితిరిగి టక్కుమంది. పసుపు, సున్నం కలిపి పట్టు వేసి, కట్టు కట్టి మంచం మీద పడుకోబెట్టారు. సురేంద్ర ఒక్కడే వెళ్ళాడు. ఉద్యోగం తీసుకుని వచ్చాడు.

ప్రాక్టీసు ఆటలో అంత పట్టు పట్టాల్సిన అవసరం ఏమిటి? ఈ ప్రశ్న మంగరాజు ఎవరినీ పైకి అడగలేదు. అడగనిది లోపల ఊరుతుంది. సురేంద్ర టికెట్ కలెక్టరయ్యాడు, తర్వాత టీటీఈ అయ్యాడు. ఐదారేళ్ళ తర్వాత మంగరాజుకి ఆర్టీసీలో కండక్టరు ఉద్యోగం దొరికింది. ఇద్దరిదీ టిక్కెట్లు చూసే పనే. ఒకడు నల్లకోటు తొడుక్కుని ఏసీ పెట్టెల్లో నడుస్తాడు, అందరూ లేచి కాగితాలు చూపిస్తారు. ఒకడు ఖాకీచొక్కా వేసుకుని కొబ్బరిబస్తాల మధ్య ఒంటికాలిమీద నిలబడతాడు, చిల్లర లేదని తిట్లు తింటాడు. సురేంద్ర ఎప్పుడైనా ఊరికొచ్చి ఎదురుపడితే మంగరాజు నవ్వేవాడు, కాఫీ తాగమనేవాడు, ఇంటికొచ్చి రెండు రోజులు ముభావంగా ఉండేవాడు.

వానాకాలం వస్తే ఆ చీలమండ సలిపేది. పెళ్ళయిన కొత్తలో భర్త మూలిగినప్పుడల్లా ‘సురేంద్ర’ అనడం విని రత్నం అదేదో దేవుడి పేరేమో అనుకుంది. తర్వాత తెలిసింది. అప్పట్నుంచీ కుడికాల్లో ఏ నొప్పి వచ్చినా, ముల్లు గుచ్చుకున్నా, తిమ్మిరెక్కినా, మంగరాజు దాన్ని ఆ పాతదెబ్బ ఖాతాలోనే వేసేవాడు.

పోయిన ఏడాది సురేంద్ర ఉద్యోగానికి ముందుగానే స్వస్తి చెప్పి అమలాపురం వచ్చేశాడు. బస్టాండుకి ఒక స్టాపు ముందు, మెయిన్ రోడ్డుమీద మేడపైన రికవరీ స్టూడియో తెరిచాడు. ఆటలాడి అలిసిన కాళ్ళకి, నిలబడి నిలబడి వాచిన కాళ్ళకి అక్కడ ఏవో చేస్తారట. అన్నిట్లోకీ గొప్పది కంప్రెషన్ థెరపీ అట. ప్రారంభానికి పిలవడానికి సురేంద్ర స్వయంగా కొత్తపేట వచ్చాడు. మంగరాజు డ్యూటీలో ఉన్నాడు, వస్తున్నాడని ముందే తెలిసి, కావాలనే ఆ రోజు ఇంకొకడితో డ్యూటీ మార్చుకున్నాడు. కార్డు రత్నం అందుకుంది. మంగరాజు వెళ్ళలేదు.

వెళ్ళకపోతే ఏం, ఆ స్టూడియోయే రోజూ బస్సెక్కేది. జనానికి దాని పేరు నోరు తిరగలేదు. ‘కాళ్ళ స్టూడియో’ అన్నారు. “కాళ్ళ స్టూడియో దగ్గర ఆపండి కండక్టరుగారూ” అని రోజుకి ఐదారుగురు అడిగేవారు. అంబాజీపేటలో ఎక్కే దింపు కార్మికుడు వీర్రాజు, రోజుకి నలభై కొబ్బరిచెట్లెక్కే మనిషి, కాళ్ళు తొడలదాకా పొడుగాటి బూట్లలో పెట్టించుకున్నాననీ, గాలి నిండుతుంటే అరికాలి నుంచి పైకి ఎవరో చేతులతో పిండినట్టుందనీ, మళ్ళీ గాలి వదిలేస్తే ప్రాణం లేచొచ్చిందనీ బస్సంతటికీ వినిపించేలా చెప్పాడు. ఒక టీచరమ్మ, రోజంతా బోర్డు దగ్గర నిలబడి వాచిన పాదాలకి చెప్పులు మళ్ళీ సరిపోతున్నాయంది. వాళ్ళు మెచ్చుకునేది యంత్రాన్నే. మంగరాజు చెవికి మాత్రం ప్రతి మాటా సురేంద్రని మెచ్చుకున్నట్టే వినిపించేది.

“గాలికి కూడా డబ్బులిచ్చే రోజులొచ్చేయండి” అని టిక్కెట్టు చింపి ఇచ్చేవాడు.

ఆ స్టాపులో బస్సు ఆగినప్పుడు తల పైకెత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. అద్దాల వెనక దీపాలు, బోర్డు మీద పరిగెడుతున్న మనిషి బొమ్మ, పక్కన ‘మాజీ రైల్వే క్రీడాకారుడు’ అన్న అక్షరాలు, ఒట్టు పెట్టుకున్నా అన్నీ కంఠతా వచ్చేశాయి.

భాద్రపదంలో మంగరాజుకి విషజ్వరం తగిలింది. పదకొండు రోజులు మంచం దిగలేదు. నీళ్ళు తాగినా చేదే. లేచి డ్యూటీకి వెళ్ళేసరికి మనిషి సగమయ్యాడు. ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో కాలు మోపే చోటుండటం లేదు, కండక్టరు కూర్చోవడమన్నది ఎప్పుడో పోయింది. నాలుగో రోజుకి కుడి పిక్క బిగిసినట్టయింది. ఐదో రోజుకి వాచింది. రత్నం ఆసుపత్రికి వెళ్దామంది. పాతదెబ్బే, జ్వరం పడి లేచాను కదా, తిరగబెట్టింది అన్నాడు మంగరాజు.

“పాతదెబ్బ చీలమండకండీ. ఇది పిక్క” అంది రత్నం.

అక్కణ్ణించే పైకి పాకింది అన్నాడు. ఆ రాత్రి నొప్పితో మెలకువగా పడుకుని ఉండగా అతనికొక ఆలోచన వచ్చింది. ఆలోచన అనడం కంటే పంతం అనడం మేలు. విరిచినవాడు సురేంద్ర. అందరి కాళ్ళూ పడుతున్నాడు కదా, ఈ కాలు కూడా పట్టాలి. వాడి చేత్తోనే బూటు తొడిగించుకోవాలి. తను కుర్చీలో వెనక్కి వాలి ఉండగా వాడు కింద కూర్చుని జిప్పు లాగుతుంటే చూడాలి. ఆ దృశ్యం కళ్ళముందు కదిలేసరికి నొప్పి కూడా కాస్త తగ్గినట్టనిపించింది.

గురువారం వారపుసెలవు. ఉతికిన చొక్కా వేసుకుని, తన బస్సులోనే ప్రయాణికుడిలా ఎక్కి, ఆ స్టాపులో దిగాడు. మేడమెట్లు ఎక్కేసరికి చెమటలు పట్టాయి.

లోపల చల్లగా ఉంది. వెనక్కి వాలే కుర్చీలు నాలుగు, వాటిలో మూడు నిండి ఉన్నాయి. వాలీబాల్ ఆడే కుర్రాడొకడు, బట్టల షాపు యజమాని ఒకాయన, అంగన్‌వాడీ టీచరు కాబోలు ఒకావిడ. అందరి కాళ్ళకీ తొడలదాకా నల్లటి బూట్లు, వాటికి గొట్టాలు, గొట్టాల చివర చిన్న పెట్టె. పెట్టె బుస్సుమన్నప్పుడల్లా బూట్లు ఉబ్బుతున్నాయి. గోడ నిండా సురేంద్ర పతకాలు, జెర్సీ, ఫోటోలు. మూలగా కాలేజీ జట్టు ఫోటో కూడా ఉంది. తనెక్కడున్నాడా అని వంగి చూశాడు మంగరాజు. గాజు మీద ట్యూబులైటు మెరుపు సరిగ్గా తన మొహం దగ్గరే పడింది.

“ఒరే మంగా.” సురేంద్ర లోపలిగదిలోంచి వచ్చి రెండు చేతులతో కావలించుకున్నాడు. “ఏడాదైందిరా నీకోసం చూసి.”

సురేంద్ర నడక చూసి మంగరాజు ఒక్కక్షణం తెల్లబోయాడు. రెండు మోకాళ్ళూ వంగడం లేదు, ఇటూ అటూ ఊగుతూ నడుస్తున్నాడు. వేసుకున్న నిక్కరు కింద, మోకాళ్ళ మీద నిలువునా ఆపరేషన్ గాట్లు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆ గాట్లు చూసి మంగరాజుకి లోపలెక్కడో చల్లబడింది. మరుక్షణమే సిగ్గేసింది. కానీ ముందు చల్లబడిన మాట నిజం.

కుర్చీ చూపించారు. కూర్చున్నాడు. అయితే బూట్లతో వచ్చింది సురేంద్ర కాదు, నిఖిత అనే అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో, ఫిజియోథెరపీ చదివి అక్కడ పనిచేస్తోంది. బూట్లు పక్కన పెట్టి ఆ పిల్ల ప్రశ్నలు మొదలుపెట్టింది. ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా, ఎన్ని రోజులు మంచం మీదున్నారు, వాపు రెండు కాళ్ళకా ఒక కాలికేనా, ఎప్పట్నుంచి, ఆయాసం ఏమైనా ఉందా. మంగరాజు విసుగ్గా జవాబులు చెప్పాడు. ప్యాంటు మడిచి రెండు పిక్కలకీ టేపు చుట్టి చూసింది. కుడిది మూడున్నర సెంటీమీటర్లు ఎక్కువుంది. అరచేయి వెనకవైపుతో తాకి చూసింది. వేడిగా ఉంది. వేలితో మెల్లగా నొక్కితే మంగరాజు పళ్ళు బిగించాడు.

“ఈవేళ మీకు వేయనండి బాబాయిగారూ. ముందు స్కాను తీయించుకోవాలండి.”

మంగరాజు సురేంద్ర వైపు చూశాడు. పాతదెబ్బే, నువ్వు ఇచ్చిందే, ఆ అమ్మాయికి చెప్పు అన్నట్టు చూశాడు. సురేంద్ర ఆ పిల్ల పక్కకొచ్చి పిక్క చూసి, చెవిలో ఏదో అడిగి, నిటారుగా నిలబడ్డాడు.

“అమ్మాయి వద్దంటే వద్దేరా. ఇక్కడ ఆవిడ మాటే చెల్లుతుంది.”

చుట్టూ మూడు కుర్చీల్లో పెట్టెలు బుస్సుమంటున్నాయి. వాలీబాల్ కుర్రాడు కళ్ళు మూసుకుని హాయిగా ఉన్నాడు. బట్టల షాపాయన సెల్లు చూసుకుంటూ ఓరకంట ఇటు చూస్తున్నాడు. ఈ లోకంలో అందరికీ ఉంది, తనకి మాత్రం లేదు. ముప్ఫై ఏళ్ళ కిందట గీత దగ్గర ఎలా ఆగిపోయాడో మళ్ళీ అలాగే ఆగిపోయినట్టయింది మంగరాజుకి. ఆపినవాడూ వాడే.

“నాకు మాత్రం లేదన్నమాట” అని మెల్లగా అని, ప్యాంటు దించుకుని లేచాడు.

నిఖిత మెట్లదాకా వెనకే వచ్చింది. చీటీ మీద స్కాను పేరు రాసి చేతిలో పెట్టింది. ఈవేళే వెళ్ళమంది, కాలు ఎవరిచేతా నొక్కించుకోవద్దనీ, నూనె రాయించుకోవద్దనీ రెండుసార్లు చెప్పింది. ఆయ్ అన్నాడు మంగరాజు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్కాను సెంటరు ముందునుంచే నడిచి వెళ్ళి కొత్తపేట బస్సెక్కాడు.

ఇంటికొచ్చి మంచం మీద కాలు చాపి, నువ్వులనూనె కాచి తెమ్మన్నాడు రత్నాన్ని. గాలిబూట్లూ వద్దు ఏమీ వద్దు, మన పద్ధతే మనకి, గట్టిగా నొక్కు, గడ్డ కట్టింది కరిగిపోవాలి అన్నాడు. రత్నం వంటింట్లోంచి వచ్చింది గానీ చేతిలో నూనెగిన్నె లేదు. చీర మార్చుకుని ఉంది, చంకన సంచి ఉంది. బయట ఆటో ఆగింది.

సురేంద్ర అప్పటికే ఆవిడకి ఫోన్ చేశాడు. చెల్లెమ్మా, వాడు నా మీద కోపంతో స్కానుకి వెళ్ళడు, ఇంటికొచ్చి కాలు నొక్కమంటాడు, నొక్కకు, తీసుకురా అని చెప్పాడు. అది విని మంగరాజుకి కాలిపోయింది. తన గురించి వాడికి అంత తెలిసి ఉండటం అన్నిటికంటే పెద్ద అవమానంగా తోచింది. వెళ్ళనని మొండికేశాడు. ఇన్నేళ్ళలో గొంతెత్తని రత్నం అప్పుడూ గొంతెత్తలేదు.

“మీ కుళ్ళు మీరు ఎంతకాలమైనా ఉంచుకోండి. ఆ కాలు మాత్రం నాక్కూడా కావాలండి.”

మంగరాజు లేచి ఆటో ఎక్కాడు.

స్కానులో పిక్క లోపలి రక్తనాళంలో గడ్డ కనిపించింది. తొడ దాకా పాకింది. డాక్టరుగారు రిపోర్టు చూసి, ఈ కాలుని ఎవరైనా నొక్కారా అని మొదట అడిగారు. లేదండి అంది రత్నం. పోనీ ఆ గాలిబూట్లలాంటివేమైనా? లేదండి. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. నొక్కి ఉంటే గడ్డ ఊడి ఊపిరితిత్తులకి వెళ్ళే ప్రమాదం ఉందనీ, అలా వెళ్ళినవాళ్ళని కొందరిని తాము మళ్ళీ చూడలేదనీ చెప్పారు. ఎవరు పంపారండీ మిమ్మల్ని అని అడిగారు.

సురేంద్ర పేరు మంగరాజు నోటికి రాలేదు. “ఒక ఫిజియోథెరపీ అమ్మాయండి” అన్నాడు.

ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. పొట్టకి ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు. సురేంద్ర రోజూ సాయంత్రం వచ్చేవాడు. ఊగుతూ వార్డులోకి వచ్చి, పక్కమంచం వాళ్ళని పలకరించి, నర్సమ్మలకి రైళ్ళలో టిక్కెట్టు లేనివాళ్ళు దాక్కునే చోట్లు చెప్పి నవ్వించేవాడు. రెండో రోజుకే వార్డంతా సురేంద్రగారు వచ్చేరా అని ఎదురుచూడటం మొదలైంది. జబ్బుపడ్డది తను, చుట్టూ మనుషులు మూగేది వాడికి! మంగరాజు గోడవైపు తిరిగి పడుకునేవాడు. కుళ్ళుకోవడానికి కూడా ఇప్పుడు హక్కు లేకుండా పోయింది. ప్రాణం నిలిపినవాణ్ణి చూసి ఏడిస్తే పాపం. ఏడవకుండా ఉండటం చేతకాదు. ఇదివరకు మంట ఒక్కటే ఉండేది, ఇప్పుడు దానిమీద బరువొకటి వచ్చి పడింది.

ఐదో రోజు రత్నం భోజనం తేవడానికి వెళ్ళినప్పుడు వాళ్ళిద్దరే ఉన్నారు. సురేంద్ర బత్తాయి ఒలుస్తున్నాడు. మంగరాజు పైకప్పు చూస్తూ అడిగాడు.

“ఆ రోజు నా కాలు తెలిసే పట్టేవా?”

“ఏ రోజురా?”

మంగరాజు తల తిప్పి చూశాడు. నటన కాదు. సురేంద్ర మొహంలో నిజంగానే ఏమీ లేదు. మంగరాజు మొత్తం చెప్పాడు, సెలక్షన్లు, ప్రాక్టీసు, ఎటువైపు ఎండ పడుతోందో కూడా చెప్పాడు. సురేంద్ర చేతిలో బత్తాయి తొన అలాగే ఉండిపోయింది. కాలు బెణికి మంగరాజు రాలేదని గుర్తుంది గానీ పట్టింది తనేనన్న సంగతి గుర్తులేదన్నాడు. ఎన్ని వందల కాళ్ళు పట్టి ఉంటాడు జీవితంలో!

ముప్ఫై ఏళ్ళు ఒక్కడే కూర్చుని కాపలా కాసిన గదిలో అవతలివాడు ఎప్పుడూ లేడని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది మంగరాజుకి. కోపం రావాలి, రాలేదు. వాడు గుర్తుంచుకుని ఉన్నా బాగుండేదనిపించింది.

సురేంద్ర కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాడు.

“అబద్ధం ఆడి నిన్ను సంతోషపెట్టలేనురా. గుర్తులేదు. కానీ ఆ వయసులో నేనెలాంటివాణ్ణో నాకు గుర్తుంది. మేష్టారు నీ పేరెత్తితే నాకు తిండి సయించేది కాదు. తెలిసే పట్టుంటాను.”

సురేంద్ర తొన అందించాడు. మంగరాజు తీసుకుని తిన్నాడు. పుల్లగా ఉంది.

ఇంటికొచ్చాక అతను ఆ మాటని రాత్రీ పగలూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. తిండి సయించేది కాదన్నాడు. అంటే తనను చూసి వాడు. ఆ ఒక్క వాక్యంలో ఏదో తియ్యదనం ఉంది, ఉన్నట్టు ఒప్పుకోవడానికి మనసు రాలేదు. రత్నానికి చెప్పాడు. ఆవిడ చిక్కుడుకాయలు గిల్లుతూ, ఇద్దరూ ఇద్దరే అని ఊరుకుంది.

డిపోవాళ్ళు అతని పరిస్థితి చూసి విచారణ కౌంటరులో కూర్చోబెట్టారు. నిలబడే పని తప్పింది. మెత్తటి బిగుతు మేజోళ్ళు వేసుకుని, గంటకోసారి లేచి బస్టాండులో ఒక చుట్టు తిరిగి రమ్మన్నారు డాక్టరుగారు. ఆరునెలలు మాత్రలు మింగాడు. మళ్ళీ స్కాను తీశారు. గడ్డ కరిగింది. పిక్కలో మిగిలిన వాపుకి కంప్రెషన్ థెరపీ చేయించుకోవచ్చా అని రత్నమే అడిగింది. నిరభ్యంతరంగా అన్నారాయన, కాగితం మీద రాసి కూడా ఇచ్చారు.

ఆ కాగితం నిఖిత రెండుసార్లు చదివింది. మళ్ళీ టేపు తెచ్చి కొలిచింది. అప్పుడు బూట్లు తెచ్చింది. ఇంతలో సురేంద్ర ఆమె చేతిలోంచి అవి తీసుకుని, బల్ల అంచు పట్టుకుని, వంగని మోకాళ్ళతో కింద కూర్చోవడానికి ప్రయత్నించాడు. సగంలో ఆగి మూలిగాడు. తను పంతంకొద్దీ కలగన్న దృశ్యం అదే. ఎదురుగా జరుగుతుంటే చూడలేకపోయాడు మంగరాజు.

“లెగరా బాబూ. అమ్మాయి తొడుగుతుందిలే.”

గాలి మొదట అరికాళ్ళకి వచ్చింది. పాదం చుట్టూ బిగిసి, చీలమండ చుట్టూ బిగిసి, పిక్కలకి, మోకాళ్ళకి, తొడలకి పాకింది. బాగా బిగుసుకున్నాక, ఇక చాలేమో అనుకునే సమయానికి ఒక్కసారిగా వదిలేసింది. కాళ్ళు పైకి తేలినట్టయింది. మళ్ళీ అరికాళ్ళనుంచి మొదలు. ఇరవై ఆరేళ్ళు గతుకులరోడ్ల మీద నిలబడ్డ కాళ్ళవి. మూడోసారికి అతని కళ్ళు మూతలు పడ్డాయి. నాలుగోసారికి గురక పెట్టాడని తర్వాత నిఖిత చెప్పింది.

ఇప్పుడు గురువారం గురువారం వస్తాడు. కిటికీ పక్క కుర్చీ అతనిది. ఎవరైనా ముందే వచ్చి అందులో కూర్చుంటే మొహం మాడ్చుకుని ఇంకో కుర్చీలో కూర్చుంటాడు గానీ వాళ్ళకి ఎక్కువసేపు పెడుతున్నారేమోనని గడియారం చూస్తూనే ఉంటాడు. సురేంద్రతో పోట్లాడుతాడు, కలిసి టీ తాగుతాడు. అంతా పోయిందా అంటే పోలేదు. గోడమీద పతకాల వైపు కుర్చీ తిప్పి కూర్చోడు, అంతవరకే.

పోయిన గురువారం సుబ్రహ్మణ్యేశ్వరరావుగారని రిటైరైన హెడ్మాస్టరొకాయన కొత్తగా వచ్చారు. ఈ బూట్లు వేసుకుంటే ప్రమాదమేమైనా ఉంటుందా అండీ అని భయపడుతూ అడిగారు. కొత్తవాళ్ళందరికీ చెప్పే కథ సురేంద్ర అందుకున్నాడు. ఒకాయన వాచిన కాలితో వచ్చేరండి, మా నిఖిత టేపు చుట్టి చూసిందండి, ఇంకెవరైనా అయితే బూట్లు తొడిగేసేవారండి, మా అమ్మాయి కనిపెట్టేసిందండి, నిండుప్రాణం నిలబెట్టిందండి. హెడ్మాస్టరుగారు నిఖిత వైపు చేతులు జోడించారు. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా ఆమెనే చూశారు. సిగ్గుపడి నవ్వింది ఆ పిల్ల.

పక్కకుర్చీలో బూట్లు ఉబ్బుతుండగా మంగరాజు ఆ కథ విన్నాడు. అప్పటికి తొమ్మిదోసారి వినడం. ఎన్నిసార్లు చెప్పినా అందులో నిఖిత తెలివి ఉంటుంది, సురేంద్ర చేసిన ఫోన్ ఉంటుంది, రత్నం తెచ్చిన ఆటో కూడా ఉంటుంది. తను మాత్రం ఒక కాలు. పేరైనా లేదు. పాతికేళ్ళ పిల్లని చూసి ఓర్వలేకపోవడమేమిటని తనని తాను తిట్టుకున్నాడు గానీ, నోరు ఊరుకోలేదు.

“ఆ వచ్చినాయన్ని నేనేనండి” అన్నాడు హెడ్మాస్టరుగారితో. “వీడు చెప్పేదాంట్లో సగమే ఉందండి. అసలు ఏం జరిగిందో నేను చెప్తాను వినండి.”

సురేంద్ర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హెడ్మాస్టరుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. మంగరాజు కాస్త పైకి జరిగి, కొత్తపేట కాలేజీ గ్రౌండు దగ్గర్నించి మొదలుపెట్టాడు.